హులిగెమ్మ చేసిన ఉద్యోగం

"ఓయబ్బ! బొక్కలోనుంచి పట్టాలు కనపడతాండాయే! ఇదంతా ఎవురెత్తుతాండ్రో, థూ!"

జర్మనీలో రైలు మారే మధ్య దొరికిన ఖాళీలో ముగ్గురూ చూడ్డానికొచ్చిన రైల్వే మ్యూజియం అది. హులిగెమ్మకు కాబోయే అల్లుడు హర్షవర్ధన్, పాత రైలుపెట్టె మరుగుదొడ్డిలోకి తొంగిచూసి ఆ మాటంటూ ముక్కు మూసుకుని నవ్వాడు.

"అత్తా, నువ్వు గూడా రైల్వేలోనే చేసినావంట గదా. ఏం పని?"

హులిగెమ్మ నోరు తెరిచేలోగా, "టికెట్లిచ్చేది" అంది కూతురు శివకుమారి.

ఆదోని స్టేషన్లో ముప్పై ఏళ్లు పట్టాల మీద మలం ఎత్తి, ఆ పిల్లను ఇంజనీరును చేసింది హులిగెమ్మ. కూతురి ముఖంలోకి చూసింది. ఆ కళ్లు బతిమాలుతున్నాయి.

"అవునప్పా," అంది. "కుర్చీలో కూచోని చేసే పని. ముప్పై ఏండ్లలో ఒక్కరోజన్నా నడుము వంచిందే ల్యా."