గిరిజ, లలిత్, ఒక సాంబారు బకెట్టు

బరువులెత్తే గిరిజ, గొంతు తప్ప మరేదీ ఎత్తని గాయకుడు లలిత్ తొలిసారి కలిసింది ఎవరిదో పెళ్ళి పంక్తిలో. పాయసం మీద జారిన ఆయన్ని ఆవిడ ఒంటిచేత్తో పైకెత్తి, "ఎవరి పిల్లాడండీ ఈ అబ్బాయి?" అని అడిగింది. పేరున్న ఆ ఇద్దరూ పెళ్ళాడాక ఆనాటి వీడియోని అందరికీ తెరిచారు. ఇప్పుడు ఇంటింటా ఉన్న వీడియో కళ్ళజోడు పెట్టుకుంటే చాలు, ఎవరైనా ఆ పంక్తిలో కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకోవచ్చు.

వరహాలమ్మ మాత్రం వాళ్ళ వెనక సాంబారు బకెట్టుతో వచ్చే మనిషి కోసం వెళ్తుంది. ఆయన ఆమె భర్త సత్తిరాజు. పోయాక ఆయన కదిలే చోటు అదొక్కటే.

"బతికుండగా మా అన్నయ్య నీకు మంచినీళ్ళయినా అందివ్వలేదు వదినా!" అంది ఆడపడుచు మంగ.

"అందుకే కదే, ఇప్పుడు వడ్డన చేయించుకుంటున్నా."

ఆ జంట విడాకులు తీసుకోవడంతో ఈ సాయంత్రమే పంక్తి మూసేస్తున్నారు.

"వాళ్ళు విడిపోతే మమ్మల్నెందుకే విడదీయడం?" అంటూ వరహాలమ్మ చివరిసారి కళ్ళజోడు పెట్టుకుంది.

సత్తిరాజు వంగి, అందరినీ అడిగినట్టే, "ఇంకాస్త వెయ్యమంటారా?" అన్నాడు.

"వెయ్యండి," అంది.

ఆయన ముందుకు సాగిపోయాడు. నవ్వులయ్యాయి, పంక్తి లేచింది, అందరూ విస్తళ్ళు మడిచారు. వరహాలమ్మ మడవలేదు. తినేవాళ్ళు ఒక్కరున్నా ఆయన బకెట్టు కింద పెట్టడని ఆమెకు తెలుసు.