మూడో రెక్క

"తప్పు నాదేలే కృష్ణన్నా. నా పోతలోనే ఏదో లోపముంటాది," అంటూ హెబ్రోను పంపులో నీటిని తోసే రెక్కల చక్రాన్ని, కొత్త కంచు ఇంపెల్లర్‌ను, రొయ్యలగుంట గట్టుమీద దించాడు.

నాసిరకం సరుకు అంటగట్టావని నిన్న అందరిముందూ అతణ్ణి తిట్టిపోసిన పెంచలకృష్ణ, పంపులోంచి తీసిన పాతదాన్ని తిప్పి చూశాడు. పంపు తిరిగేటప్పుడు నీటిబుడగలు పగిలి కొట్టే దెబ్బ మూడు రెక్కలకూ ఒకటే. రెండు కాస్త గరుకెక్కాయంతే. మూడోది మాత్రం ఒక గీత వెంబడి గుల్లయిపోయింది.

ఆ గీత తనదే. ఆమధ్య పంపులోకి వచ్చిన కట్టెకు తగిలి వంగిన రెక్కను సరిగ్గా అక్కడే సుత్తితో బాది సరిచేశాడు. ఆ బాదుడుకు లోలోపల బిగుసుకుపోయి పెళుసుబారిన కంచునే బుడగలు ముందు కొరికేశాయి.

"ఆ సుత్తి ఇట్టియ్యన్నా, బిగించేస్తా," అన్నాడు హెబ్రోను.

పెంచలకృష్ణ పాతదాన్ని మూడో రెక్క పైకి కనబడేలా గట్టుమీద పెట్టాడు.

"ఇప్పుడే బిగించబాకు హెబ్రోనూ. నిన్న నా తిట్లు విన్నోళ్లందర్నీ పిలుచుకొస్తా."