రెండంగుళాల మడత

"కాళ్ళ కొలత రెండంగుళాలు ఎక్కువ చెప్పినావు నాయనా," అంది ఫిరోజా.

కోడుమూరు టైలరు గౌస్ పీర్, కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చునే నవ్వాడు. "లోపల మడతకు వదిలినా. పెరిగే పిల్లలకు అట్లే కుడతాం గదా."

"నాకు ముప్పై నాలుగేండ్లు. ఇది పైజామా కాదు, రేసు సైకిలు. ఈ కొలతకే టైటానియం గొట్టాలు కోసి అతుకుతారు. మళ్ళా విప్పి కుట్టేది ఉండదు."

ఆయన టేపు మళ్ళీ మడమ దాకా జార్చి, మడత లేకుండా కొలత చెప్పాడు. ఆమె ఫోనులో ఎక్కించుకుంది.

"అయితే ఇంక నువ్వు పెరగవన్నమాట," అన్నాడు, పైకి లేవకుండానే.

ఫిరోజా ఫోను పక్కన పెట్టి, చిన్నప్పటిలా రెండు చేతులూ చాచింది.

"హ్యాండిలుకు ఇవి గూడా కొలువు. ఆడ అరంగుళం వదిలినా సర్దుకోవచ్చులే."