పాకలో ఫోను

కొత్తగా పనికి చేరిన రుఫీనో పందుల పాకలో ఫోను పట్టుకుని తిరుగుతున్నాడట. పక్క పొలం ఆర్లీన్ చర్చిలో కాఫీ పోస్తూ అన్న మాట, అమెరికాలోని ఆ అయోవా మొక్కజొన్న చేలన్నీ చుట్టి, పాక యజమాని వెర్లిన్ చెవిన పడింది.

వెర్లిన్‌కి తల కొట్టేసినట్టయింది.

ఆ పాకలోకి ఎంతటివాడైనా స్నానం చేసి, ఒంటిమీది గుడ్డలు బయటే వదిలి, పాక బట్టలు తొడుక్కుని వెళ్లాల్సిందే. బయటి రోగం లోపలికి రాకూడదు. అలాంటిచోటికి ఫోనా?

పైగా తను మామూలు రైతా! పాకల్లో దొంగచాటుగా వీడియోలు తీసేవాళ్లని జైల్లో పెట్టాలని, పెళ్లినాటి కోటు తొడుక్కుని రాజధానికెళ్లి మాట్లాడి, చట్టం తెప్పించినవాళ్లలో ఒకడు.

వెళ్లేసరికి పందుల కంపెనీ లారీ పందిపిల్లల్ని దింపుతోంది. గుమ్మంలో రుఫీనో. చేతిలో ఫోను.

"ఎవడు పంపాడ్రా నిన్ను? మాంసం మానమని మొత్తుకునే ఆ పట్నపోళ్లా?"

"కాదయ్యా, ముందా లారీలోకి చూడండి..."

"నాకే చెప్తావా!"

లారీకేసి తల తిప్పనైనా లేదు వెర్లిన్. ఫోను లాక్కుని, సిమెంటు నేలకేసి కొట్టి, బూటుతో నలిపాడు. షెరీఫ్‌కి కబురు పెట్టాడు.

"నీ చట్టం బాగానే పనిచేస్తోందోయ్," అని నవ్వి, రుఫీనోని బండెక్కించాడు షెరీఫ్.

వారం తిరక్కుండా పాకలో పిల్లలు దగ్గి దగ్గి రాలిపోయాయి. కంపెనీ మనిషి దిగాడు. అక్కడి పద్ధతి అంతే: పందులు కంపెనీవి; పాక, దానిమీద బ్యాంకు అప్పు, పేడ, పీనుగులు రైతువి.

"మేం పంపినవి రాళ్లలాంటి పిల్లలు. రోగం నీ పాకదే. ఇక నీకు పిల్లల్ని పంపం."

"మీ లారీలోనే వచ్చిందేమో!"

"రుజువుందా?"

రుజువు అనగానే వెర్లిన్‌కి బూటు కింద నలిగిన ఫోను గుర్తొచ్చింది. ఖాళీ పాక పెట్టుకుని ఏం చేస్తాడు? బ్యాంకువాళ్లు పాకతో ఆగరు, తాతలనాటి పొలం కూడా లాక్కుంటారు.

రుఫీనో కేసు వాయిదానాడు కోర్టు వరండాలో అతనికి అడ్డంపడ్డాడు. సాక్ష్యానికొచ్చిన షెరీఫ్, ఆర్లీన్ పక్కనే ఉన్నారు.

"ఆ రోజు ఏం తీశావు?"

"లారీలోనే చచ్చి ఉన్న పిల్లల్ని. మీ గుమ్మం తొక్కకముందే."

"ఇంకెక్కడైనా ఉందా అది?"

"ఆ ఫోన్లోనే ఉండేది."

"మరి ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా! అసలు ఎవరికోసం తీశావురా?"

"ఇంతకుముందు పనిచేసినచోట యజమానిని కంపెనీ ఇట్లాగే ముంచింది, చేతిలో రుజువు లేక. అందుకని మీకోసమే తీశానయ్యా."