కిందికి దించిన గొంతు

"మామయ్యా, అక్కడున్నారా? ఆయన ఒరిగిపోయారు."

రేడియోలో కోడలి గొంతు వినగానే మాస్టారి చేతిలోని టీ బల్ల మీద ఒలికిపోయింది. ఆ చిన్న విమానాశ్రయంలో ఎందరికో విమానం నడపడం నేర్పి రిటైరైన మనిషి ఆయన. కొడుక్కీ ఆయనే నేర్పాడు. ఆ కొడుకే ఇప్పుడు పెళ్లాన్నీ, నాలుగేళ్ల పాపనీ ఎక్కించుకుని ఊరి మీదుగా ఓ చుట్టు తిప్పుకొస్తానని వెళ్లాడు. కంట్రోల్ గదిలో డ్యూటీ చేస్తున్నతను మైకు మాస్టారి ముందుకు జరిపాడు.

"వాడికి ఊపిరాడుతోందా? నర్సువి కదమ్మా, చూసి చెప్పు!"

కాసేపు గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

"ఆడుతోంది మామయ్యా. స్పృహ లేదంతే. నేనేం చెయ్యాలో చెప్పండి."

కోడలు రక్తం చూసి బెదరదు గానీ, బల్లి కనబడితే మంచమెక్కే పిల్ల. విమానం నేర్పుతానంటే ఎన్నిసార్లు నవ్వి తప్పించుకుందో!

"ముందు వాణ్ణి వెనక్కి లాగి బెల్టు బిగించు. నీ ముందు కూడా చక్రం ఉంది చూడు, పట్టుకో. బిగబట్టకు. చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో."

"పట్టుకున్నాను."

"పాప?"

"వెనక సీట్లో ఏడుస్తోంది."

"ఏడవనీ. నువ్వు మాత్రం వేగం చూపే సూది డెబ్భై దగ్గర నిలుపు."

మైకు బటన్ వదిలినప్పుడల్లా ఆయన దేవుళ్లకి మొక్కుకున్నాడు. నొక్కినప్పుడు మాత్రం అది పాఠం చెప్పే గొంతే. ఆయన చెప్పినట్టే రన్‌వే వైపు తిరిగిన విమానం కిటికీలోంచి కనిపించింది. మరీ ఎత్తులో వస్తోంది. రన్‌వే సగం దాటినా ఇంకా నేలకు అందలేదు.

"మధ్యలో ఉన్న పవరు పిడి మొత్తం ముందుకు నెట్టు! మళ్లీ పైకి పో!"

ఇంజను గర్జించింది. చెట్ల కొమ్మలను దాదాపు రాసుకుంటూ విమానం లేచింది.

"నా వల్ల కాదు మామయ్యా!"

"అవుతుంది! ఆలస్యమైతే వాడు మనకి దక్కడు తల్లీ. నీ మొగుణ్ణి ఆస్పత్రికి చేర్చాల్సింది నువ్వే. ఇంకా ఊపిరుందా?"

"ఉంది." ఆమె గొంతు సర్దుకుంది. "మీరు మాత్రం ఆగకండి. మాట్లాడుతూనే ఉండండి."

ఆయన ఆగలేదు. ముక్కు దించమన్నాడు. పవరు తగ్గించమన్నాడు. రన్‌వే చివరికేసి చూడమన్నాడు. మధ్యమధ్యలో, "వాడు నా ఒక్కగానొక్క కొడుకమ్మా" అని రెండుసార్లు నోరు జారాడు. రెండుసార్లూ ఆమె "తెలుసు మామయ్యా, చెప్పండి" అంది.

"ఇప్పుడు పవరు పూర్తిగా లాగెయ్. ముక్కు పైకెత్తు. మెల్లగా..."

చక్రాలు నేలను బాది విమానం ఎగిరి పడింది. ముందు చక్రం విరిగింది. విమానం ముక్కుతో నేలను గీరుకుంటూ, నిప్పురవ్వలు చిమ్ముతూ పక్కనున్న గడ్డిలోకి జారి ఒక రెక్క మీద ఒరిగి ఆగింది.

మాస్టారు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. అగ్నిమాపక సిబ్బంది వెనకే ఆయాసపడుతూ పరుగెత్తాడు. పెట్రోలు వాసన గుప్పున కొడుతోంది. తలుపు తెరుచుకుని ముందు పాప బయటికొచ్చింది. ఆ వెనకే కోడలు దిగింది. పాపను సిబ్బందికి అందించి ఆయన లోపలికి దూరబోయాడు.

"స్ట్రెచర్! ముందు వాణ్ణి దించండి! ఊపిరుంది వాడికి!"

కోడలు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఆపేసింది. ఆమె నుదుటి మీంచి రక్తం కారుతోంది. రేడియోలో అంత నిలకడగా ఉన్న గొంతు ఇప్పుడు ముక్కలైంది.

"నేను మైకు అందుకోకముందే ఆయన పోయారు మామయ్యా."