వట్టి చేతుల వైద్యం

అత్తగారి రోగాలకు క్యాలెండరు చూడటం వచ్చు. కోడలికి సెలవున్న రోజున తప్ప ఒక్కటీ రాదు. ఈ మాట చెప్పి కోడలు నర్సుల గదిని చాలాసార్లు నవ్వించింది కూడా. ఆ అత్తగారే ఇప్పుడు ఆసుపత్రి వరండాలో బల్ల మీద వెల్లకిలా పడుకుని, "అమ్మాయ్, ఛాతీ పట్టేసినట్టుందే" అంటోంది.

అది పరీక్ష. ఎక్కడో దూరపు ఊరి నుంచి సొంత ఖర్చులతో వచ్చిన డాక్టరు కొన్నాళ్ళుగా అక్కడి నర్సులకు అత్యవసర వైద్యం నేర్పుతున్నాడు. ఇవాళ నెగ్గినవాళ్ళకే ఎమర్జెన్సీ వార్డులో పని. రోగి వేషాలకు మనుషులు చాలక, నర్సులను తలా ఒకరిని ఇంటి నుంచి తెమ్మన్నాడు. అడిగిందే తడవుగా అత్తగారు తయారైంది. "ఇన్నేళ్ళకి నా మూలుగు నీకు అక్కరకొచ్చిందన్నమాట!" అంది.

ఎవరి వేషమేమిటో డాక్టరు వాళ్ళ చెవిలోనే చెప్పాడు. కనిపెట్టడం నర్సుల పని. పరీక్షల కోసం మందులూ ఆక్సిజనూ తగలేసేంత ఆస్తి ఆ ఆసుపత్రికి లేదు కాబట్టి, వట్టి చేతులతో చేసినట్టు చూపించి, ఏం చేస్తున్నదీ పైకి చెబితే చాలు.

"రోగులు మిమ్మల్ని తికమక పెడతారు," అని ముందే హెచ్చరించాడు. "నిజంగానే నొప్పి అంటారు, ఏడుస్తారు. నమ్మి ఆపారో, ఫెయిలే."

కోడలు అత్తగారి మణికట్టు పట్టుకుంది. నాడి తడబడుతూ పరుగెడుతోంది.

"నొప్పి ఎక్కడికైనా పాకుతోందా అత్తయ్యా?"

"ఎడం చేతికి. దవడక్కూడా."

"అబ్బ, ఏం బట్టీ పట్టారండీ! పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాత్రం గుర్తుండదు."

"నా మొహం! నిజంగానే నొప్పే."

"అనమన్నారు, అన్నారు. ఇక కదలకండి."

నుదురు తడిమితే చల్లటి చెమట చేతికంటింది. వేషానికి చెమట పడుతుందా అనుకుంది కోడలు. వరండా ఆ చివర ఇంకో రోగి దగ్గరున్న డాక్టరును కేకేసింది.

"సార్, ఈవిడకి చెమటలు..."

"కానివ్వండి సిస్టర్! ఆపొద్దన్నానా!"

ఎమర్జెన్సీ వార్డు కళ్ళ ముందు మెదిలింది. కోడలు ఆ అనుమానాన్ని దిగమింగింది.

"గుండెపోటు," అని ప్రకటించింది. "ఆక్సిజన్ పెడుతున్నాను." ఖాళీ దోసిలి అత్తగారి ముక్కు మీద పెట్టింది. "మాత్ర నమిలిస్తున్నాను." ఖాళీ వేళ్ళు పెదవులకు ఆనించింది.

అత్తగారు ఆత్రంగా నోరు తెరిచింది. నాలుకకు ఏమీ తగలకపోయేసరికి కోడలి వంక చూసింది.

"ఏదే, మాత్ర?"

"నమలండి అత్తయ్యా, నా మార్కులు పోతాయి."

అత్తగారు ఖాళీ నోరు నమిలింది.

"పెద్దాసుపత్రికి పంపడానికి అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాను," అంటూ కోడలు పిడికిలి చెవికి ఆనించుకుంది. అత్తగారు మూలగడం, కదలడం మానేసింది. ఈవిడ నా మాట వినడం ఇదే మొదలు అనుకుంది కోడలు.

డాక్టరు నవ్వుతూ వచ్చాడు. "అన్నీ వరసగా చేశారా?"

"చేశాను సార్. గుండెపోటని చూడగానే పట్టేశాను."

అతని నవ్వు ఆగిపోయింది. వంగి అత్తగారి మెడ మీద రెండు వేళ్ళు పెట్టాడు. జరిపి, మళ్ళీ పెట్టాడు. "సిలిండరు తెండి! నిజం సిలిండరు!" అని అరుస్తూ రెండు చేతులతో ఛాతీని నొక్కసాగాడు.

"సార్... వేషమే కదా సార్?"

"తప్పు నాదేనమ్మా, నీ మాట వినకుండా ఆపొద్దన్నాను," అన్నాడు డాక్టరు, నొక్కడం ఆపకుండానే. "ఈవిడకి నేనిచ్చింది కాలు విరిగిన వేషం."