మారేడుమిల్లి అల్లం

“ఫ్రిజ్‌లో అల్లం ఏది?”

విశ్వనాథ్ అడిగిన తీరుకి కనకవల్లి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం మీద పెసరట్టు మాడు వాసన మొదలైంది.

“పచ్చడి చేశానండి. మావయ్యగారు పెసరట్టు అడిగారు కదా, అందులోకి.”

చావు కబురు చల్లగా చెప్పిందామె. విశ్వనాథ్ మళ్లీ ఫ్రిజ్ తెరిచి చూశాడు. నిన్న సాయంత్రం కూరగాయల అరలో అతను పెట్టిన దుంప లేదు. అది మారేడుమిల్లి అవతల, ఎండ నేల మీద పడని చిక్కటి అడవిలో దొరికిన దుంప. ప్రపంచంలో ఏ పుస్తకంలోనూ లేని కొత్త రకం అల్లం. రాజమండ్రి కాలేజీలో బోటనీ చెప్పే విశ్వనాథ్ దాన్ని మొదటిసారి లోకానికి పరిచయం చేస్తూ వ్యాసం రాస్తున్నాడు. ఈ ఆదివారం తెల్లవారుజామున లేచి, దగ్గుకుంటూనే టీ తాగి రాతకి కూర్చున్నది కూడా అందుకే.

“ఎవరెవరు తిన్నారు?”

“నేనూ, మావయ్యగారూ. మీకూ వేస్తున్నాను.”

విశ్వనాథ్ ఒక్క అంగలో హాల్లోకి వెళ్లి తండ్రి చేతిలోని ముక్క లాగేసుకున్నాడు. వేంకటేశ్వర్లుగారు బిత్తరపోయారు. “పచ్చడి అమోఘంగా కుదిరిందిరా! ఇలా లాక్కోకపోతే నువ్వూ ఒకటి వేయించుకోవచ్చుగా?”

“అది తినే అల్లం కాదు నాన్నా! విషమో కాదో కూడా ఎవడికీ తెలీదు.”

కనకవల్లి మొహంలో నెత్తురు లేదు. “అలాంటిదాన్ని కూరగాయల్లో ఎందుకు పెట్టారండీ? నాతో ఒక్క మాట చెప్పొద్దా?”

చెప్పకపోవడానికి ఓ కారణం ఉంది. అది చెప్పడానికి ఇప్పుడు నోరు రాలేదు. ఇద్దర్నీ ఆటో ఎక్కించి దానవాయిపేట నర్సింగ్ హోమ్‌కి పోనిమ్మన్నాడు.

దారి పొడుగునా భార్య పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాడు. ఓసారి నీలంగా కనిపించాయి, ఓసారి మామూలుగానే ఉన్నాయి. తండ్రి త్రేన్చినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. ఆ మొక్క ఆకు అడుగున నూగు ఎంత పొడవుంటుందో రాశాడు. పువ్వు మీద చారలు ఏ రంగులో ఉంటాయో రాశాడు. తింటే మనిషి బతుకుతాడో లేదో మాత్రం రాయలేదు. ఆ సంగతి ఇప్పుడు తన ఇంట్లో వాళ్ల మీదే తేలబోతోంది.

నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ పల్లంరాజు ఇద్దర్నీ మంచాలెక్కించి సెలైన్ పెట్టించాడు. “అల్లం కుటుంబమే అంటున్నారుగా, మరీ అంత కంగారెందుకండీ?” అని నవ్వాడు.

“వంకాయదీ ఉమ్మెత్తదీ ఒకటే కుటుంబం డాక్టరుగారూ.”

డాక్టర్ నవ్వు ఆగిపోయింది. “మొక్క పేరు చెప్పండి, విరుగుడేమైనా ఉందేమో చూస్తాను.”

“కనకవల్లి.”

“పేషెంటు పేరు రాసుకున్నామండి. మొక్క పేరు అడుగుతున్నాను.”

“మొక్క పేరూ అదేనండి. మా ఆవిడ పేరే పెట్టాను.” విశ్వనాథ్ భార్య మంచం వైపు తిరిగాడు. “వ్యాసం అచ్చయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామని, అసలు దుంప సంగతే ఇంట్లో ఎత్తలేదు.”

“నా పేరా?” కనకవల్లి సూది లేని చేత్తో కళ్లు తుడుచుకుంది. “నా పుట్టినరోజే ఏనాడూ గుర్తుండదు మీకు!”

“నీకేమైనా అయితే ఆ పేరు నేనింక ఎలా పలకను వల్లీ?” నర్సులు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాడు.

డాక్టర్ మళ్లీ నాడి చూశాడు, బీపీ చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. “ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?”

“భయంగా ఉందండి.”

“అది కాకుండా?”

“ఇంకేం లేదండి.”

డాక్టర్ పెద్దాయన వైపు తిరిగాడు. “పచ్చడి రుచిలో ఏమైనా తేడా ఉందాండి?”

“తేడా ఏంటండీ! ఆ ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అల్లమంటే అదీ!”

విశ్వనాథ్ తటాలున లేచాడు. “ఘాటా? నా దుంపకి ఘాటు లేదే! అడవిలో గిల్లి చూశాను, ఒట్టి కర్పూరం వాసన. వల్లీ, ఏ అల్లం వేశావు పచ్చడిలో?”

“ఘాటుగా ఉన్నదేనండి. అరలో రెండు దుంపలున్నాయిగా. ఒకటి నేను కొన్నాను, రెండోది మావయ్యగారు తెచ్చారేమో అనుకున్నాను.”

గుండెల మీది బరువు దిగిపోయి విశ్వనాథ్ స్టూలు మీద కూలబడ్డాడు. తండ్రి చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. డాక్టర్ నవ్వుతూ సెలైన్లు తీసేయమని నర్సుకి చెప్పాడు. “ఇంటికెళ్లి మిగతా పెసరట్లు కూడా కానివ్వండి పెద్దాయనా!”

“అయితే నా దుంప భద్రంగా ఉందన్నమాట! ఎక్కడ పెట్టావు వల్లీ?” విశ్వనాథ్ మొహం వెలిగిపోయింది.

కనకవల్లి భర్త మొహం వంకే చూస్తూ మంచం దిగింది. అతన్ని చెయ్యి పట్టుకుని లేపి, అదే మంచం మీద కూర్చోబెట్టింది.

“అడవి నుంచి వచ్చినప్పట్నుంచీ ఒకటే దగ్గుతున్నారు కదండీ,” అంది. “కర్పూరం వాసన ఛాతీకి మంచిదని, మొత్తం దుంప దంచి పొద్దున మీ టీలోనే మరిగించాను.”